శిఖరం గురించి రాశారు, శిఖరం మొదటికి చేరే దారి మాటేమిటి?

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో, అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో జొరాస్టర్ టెంపుల్ అనే రాతి శిఖరాన్ని ఎక్కి వచ్చిన మన కుర్రవాళ్ల గురించి అచ్చయిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. శిఖరం చివర నిట్టనిలువుగా లేచిన ఇసుకరాతి గోడ మీద తాళ్లు కట్టుకుని వాళ్లు పడిన అవస్థను వ్యాసకర్త కళ్లకు కట్టించారు, దానికి సగం పేజీ కేటాయించారు. ఆ గోడ మొదటికి చేరడాన్ని మాత్రం 'నది దాటి, కొంత దూరం నడిచి, ఎడమకు తిరిగితే శిఖరం మొదలు వచ్చేస్తుంది' అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. నది దాటాలి, తూర్పుగా నడవాలి, ఎడమకు తిరగాలి, అంతా నిజమే. కాని ఎక్కడ తిరగాలి, తిరిగాక ఎంతసేపు పడుతుంది, అంతసేపూ తాగడానికి నీళ్లు ఎక్కడివి, తప్పు వంకలో పడితే గతేమిటి అన్న ప్రశ్నలు చదివేవాడికి తట్టనంత సులువుగా ఆ వాక్యం సాగిపోయింది. ఎడారి లోయల్లోని శిఖరాల విషయంలో గోడ మీద గడిపే సమయం కంటే గోడ దగ్గరికి చేరడానికీ తిరిగి రావడానికీ పట్టే సమయమే చాలాసార్లు ఎక్కువ. గోడ మీద నడుముకు తాడు ఉంటుంది, ఆ తాడు పట్టుకుని కింద ఒక తోడు ఉంటాడు, ఎంత కష్టమైన గోడో ముందుగా ఎక్కినవాళ్లు అంకె వేసి చెప్పిన లెక్క ఉంటుంది. బాట లేని ఎండు వంకల్లో దారి తప్పినవాడికి వీటిలో ఏదీ ఉండదు.

నేను పర్వతారోహకుణ్ణి కాను. కాలువల పనుల కోసం సర్వే పటాలు గీయడంలోనూ చదవడంలోనూ ఉద్యోగ జీవితం గడిపి, ఇప్పుడు సత్యనారాయణపురంలో ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. ఇందులో తలదూర్చడానికి కారణం ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు. తాళ్లు కట్టుకుని రాళ్లెక్కడం అతనికి కొన్నేళ్లుగా అలవాటు. మీ వ్యాసం వచ్చిన రోజు సాయంత్రమే ఫోన్ చేసి, "మామయ్యా, పేపర్లో చూశావా, ఎంత సులువుగా ఉందో! మార్చిలో మేమూ వెళ్తున్నాం" అన్నాడు. వాళ్ల బృందంలో కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి పై చదువులకు వెళ్లినవాళ్లే ఎక్కువమంది. అక్కడున్నా వాళ్లు మీ పత్రికను ఫోన్లో రోజూ చదువుతారు. ఇంగ్లీషులో ఎంత సమాచారం ఉన్నా, ఊరి పేపర్లో మనవాళ్లు వెళ్లి వచ్చారని చదివితే కలిగే ధీమా వేరు. మీ వాక్యానికి ఉన్న బలం అది.

మన కొండలెక్కిన అలవాటుతో ఆ లోయను అంచనా వేయడంలోనే మొదటి తేడా వస్తుంది. కొండపల్లి ఖిల్లాకో కొండవీటికో వెళ్లేవాడు ఒంట్లో సత్తువ ఉండగా ఎక్కుతాడు, అలిసిపోయాక దిగుతాడు. గ్రాండ్ కాన్యన్‌లో ఈ లెక్క తలకిందులు. దక్షిణపు అంచున సౌత్ కైబాబ్ బాట మొదలయ్యే చోటు సముద్రమట్టానికి 7,260 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి నుంచి కొలరాడో నదికి సుమారు 4,800 అడుగులు దిగాలి. జొరాస్టర్ శిఖరం ఎత్తు 7,123 అడుగులు. అంటే బయల్దేరే చోటూ చేరవలసిన చోటూ ఇంచుమించు ఒకే మట్టంలో ఉన్నాయి, నడుమ మైలు లోతు గొయ్యి ఉంది. దిగినది దాదాపు అంతా అవతల ఎక్కాలి. శిఖరం చూసుకుని దిగి వచ్చాక, కాళ్లు పూర్తిగా చచ్చుబడిన వేళ, ఇవతల ఆ 4,800 అడుగులూ మళ్లీ ఎక్కాలి. అంచున కటకటాల దగ్గర నిలబడి చూసేవాడికి మాత్రం ఆ శిఖరం ఎదురుగా, చెయ్యి చాస్తే అందేటట్టు ఉంటుంది. వేసవిలో అంచు నుంచి నదికి దిగి అదే రోజు తిరిగి పైకి రావాలని ప్రయత్నించవద్దని పార్కు అధికారులు బోర్డులు పెట్టి మరీ హెచ్చరించేది ఈ భ్రమను చూసే.

ఇక అసలు చిక్కు. ఆ లోయ గోడలు మెట్లుమెట్లుగా ఉంటాయి. మెత్తని పొర వచ్చిన చోట వాలు, గట్టి పొర వచ్చిన చోట నిలువు గోడ. వీటన్నిటిలో దారికి పెద్ద అడ్డంకి రెడ్‌వాల్ అనే సున్నపురాతి పొర. లోపల ఆ రాయి నిజానికి బూడిదరంగుదే; పైనున్న సుపాయ్, హెర్మిట్ పొరల్లోని ఇనుము తుప్పు వాన నీటితో కిందికి కారి దానికి ఎర్రరంగు పూసింది. 500 అడుగులు, కొన్నిచోట్ల అంతకు మించిన ఎత్తున, మలుపు మలుపునా వంపు తిరుగుతూ మైళ్ల తరబడి తెగకుండా సాగే గోడ అది. దాని కింద టాంటో అనే విశాలమైన మెట్ట ఉంది. ఆ మెట్ట మీద ఎంత దూరమైనా నడుచుకుంటూ పోవచ్చు కాని, పైకి పోవాలంటే రెడ్‌వాల్‌లో గండి దొరకాలి. గండి ఉన్న వంకకు ముందో వెనకో ఉన్న మరో వంకలోకి తిరిగినవాడు సగం పూట శ్రమపడి గోడ మొదట్లో నిలబడి మెడ ఎత్తి చూడవలసిందే తప్ప చేయగలిగింది లేదు.

గండ్లు పడటానికి కారణాలున్నాయి. భూమి పొరలు చీలి ఒక పక్క కుంగినచోట, ఆ భ్రంశరేఖ వెంట గోడ పగిలి ఉంటుంది. ప్రసిద్ధమైన బ్రైట్ ఏంజెల్ బాట అటువంటి భ్రంశం వెంటే దిగుతుంది. పై చరియలు విరిగిపడి గోడ ముందు రాళ్లు వాలుగా పేరుకున్నచోట మరికొన్ని దొరుకుతాయి. అనుభవమున్నవాళ్లు ముందురోజే ఎదుటి అంచు నుంచి బైనాక్యులర్ పెట్టి ఈ ఆనవాళ్లు వెతుకుతారు. అడ్డంగా తిన్నగా సాగే పొర ఒకచోట హఠాత్తుగా ఎగుడుదిగుడవుతుంది. లేదా గోడ ముఖాన పైనుంచి కిందికి తుప్పలు వరుసగా కనిపిస్తాయి. తుప్ప మొలిచిందంటే మట్టి నిలిచినట్టు, మట్టి నిలిచిందంటే అక్కడ ఎంతో కొంత వాలు ఉన్నట్టు. ఉదయం ఏటవాలు ఎండలో నీడలు పడినప్పుడు ఇవి స్పష్టంగా తెలుస్తాయి, నడినెత్తి ఎండలో గోడంతా ఒకే పలకలాగా కనబడుతుంది.

జొరాస్టర్‌కు ఎక్కువమంది వాడే దారి ఇది. సౌత్ కైబాబ్ బాటలో నదికి దిగి, వేలాడే వంతెన దాటి, లోయ అడుగున యాత్రికుల బస అయిన ఫాంటమ్ రాంచ్ మీదుగా క్లియర్ క్రీక్ బాట పట్టుకోవాలి. 1930లలో నిరుద్యోగ యువకులకు పని కల్పించడానికి అమెరికా ప్రభుత్వం నడిపిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ మనుషులు వేసిన బాట అది. దాని మీద టాంటో మెట్టకు ఎక్కి, తూర్పుగా సాగి, సమ్నర్ వాష్ అనే ఎండు వంక చేరాక బాటను విడిచిపెట్టాలి. అక్కడి నుంచి బాట అంటూ లేదు. సమ్నర్ బ్యూట్ అనే గుట్ట వైపు రెడ్‌వాల్ గండిలో పైకి ఎక్కి, ఆ గుట్టకూ జొరాస్టర్‌కూ నడుమనున్న కనుమ చేరాలి. తరువాత సుపాయ్ చరియలను ఒకదాని మీద ఒకటిగా దాటాలి. వాటిలోనూ కొన్నిచోట్ల తాడు తీయక తప్పదు. చివరగా ఇసుకరాతి గోడ పాదాన్ని పట్టుకుని చుట్టూ తిరిగి ఈశాన్యపు మూలకు రావాలి. మీ వ్యాసంలోని మొదటి ఫొటో బహుశా అక్కడ తీసినదే. 1958లో డేవ్ గాన్సీ, రిక్ టిడ్రిక్ అనే ఇద్దరు మొట్టమొదట ఆ శిఖరాన్ని ఎక్కింది కూడా ఆ ఈశాన్యపు అంచు మీదుగానే. 'ఎడమకు తిరిగితే' అన్న రెండు మాటల్లో ఇదంతా ఉంది.

మా మేనల్లుడు పంపిన పటాన్ని బీసెంట్ రోడ్డు పక్క సందులోని జిరాక్స్ షాపులో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, మంచం మీద పరిచి, భూతద్దం పెట్టి చూశాను. అమెరికా భూగర్భ సర్వే వాళ్ల 1:24,000 స్కేలు పటం; ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతల్లో గీతకూ గీతకూ మధ్య 40 అడుగుల ఎత్తు అంతరం. టాంటో మెట్ట మీద గీతలు ఎడంఎడంగా ఉన్నాయి. రెడ్‌వాల్ దగ్గరికి వచ్చేసరికి అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి చీర అంచులాగా ఒకే గోధుమరంగు పట్టీ అయ్యాయి. పెన్సిలు మొన ఆ పట్టీ వెంట నడిపిస్తూ పోతే, అక్కడక్కడ గీతలు గోరు పట్టేటంత విడివడిన చోట్లు తగులుతాయి. ఫోన్లో మేనల్లుడు అటువైపు అదే పటం ముందు పెట్టుకుని, "ఇక్కడ వాలుగానే ఉంది కదా మామయ్యా?" అని అడుగుతున్నాడు. ఉన్నట్టే ఉంది. కాని 40 అడుగుల అంతరమున్న పటంలో 35 అడుగుల నిలువు గోడ రెండు గీతల నడుమ ఆనవాలు లేకుండా దాగిపోగలదు. మన సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీట్లలో ఆ అంతరం 20 మీటర్లు. నల్లమలలో సర్వేకు తిరిగిన ప్రతివాడికీ ఆ 20 మీటర్ల మధ్య ఏమేమి దాగి ఉంటాయో తెలుసు. వాన పడ్డప్పుడు జలపాతమై, తక్కిన రోజుల్లో నున్నటి రాతిగోడగా మిగిలే చోట్లు పటంలో వట్టి వంకలాగే కనిపిస్తాయి.

ఎక్కేటప్పుడు అటువంటి చోటు తగిలితే మహా అయితే వెనక్కి వస్తాం. దిగేటప్పుడు తగిలితే అసలు ప్రమాదం. పొద్దు వాలుతోందని తొందరపడి, వచ్చిన దారి వదిలి, దగ్గర దారి అనిపించిన మరో వంకలో దిగినవాడు మొదట ఒక నిలువెత్తు బండ మీద నుంచి కిందికి జారుతాడు. అది తిరిగి ఎక్కలేనిది. ఇంకొంత దిగాక దూకడానికి వీల్లేనంత లోతు ఎదురవుతుంది. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. ఆ వంక అంచులు ఫోన్ సిగ్నల్‌నూ మూసేస్తాయి, ఉపగ్రహాల నుంచి రావలసిన జీపీఎస్ సంకేతాన్నీ గోడల మీద తట్టి తట్టి తప్పు స్థానం చూపించేటట్టు చేస్తాయి. అందుకే, జారిన చోటు తాడు లేకుండా తిరిగి ఎక్కగలనని తేల్చుకోకుండా దిగరాదన్నది ఆ లోయల్లో తిరిగేవాళ్ల కట్టుబాటు. వెళ్లేటప్పుడే ప్రతి మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూడటం, ఆ వైపు నుంచి ఒక ఫొటో తీసుకోవడం కూడా వాళ్ల అలవాటే, ఎందుకంటే ఎదురు దిశలో అదే చోటు కొత్త చోటులాగా ఉంటుంది. మీ వ్యాసానికి వేసిన ఫొటోల్లో వచ్చిన దారి వైపు తీసినది ఒక్కటీ లేదు.

ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణంలో గణితం బోధించిన హార్వీ బుచార్ట్ అనే ప్రొఫెసరు గ్రాండ్ కాన్యన్‌లో బాటలు లేని చోట్ల నాలుగు దశాబ్దాలపాటు తిరిగారు. ఆయన నడక 12,000 మైళ్ల లెక్క. అంత తిరిగిన మనిషి రెడ్‌వాల్‌ను దాటగల చోట్లు 164 అని లెక్క తేల్చారు. నది వెంట ఆ లోయ పొడవు 277 మైళ్లు. రెండు ఒడ్లు, వాటికి చీలిన వందల ఉపలోయలు కలుపుకుంటే రెడ్‌వాల్ గోడ పొడవు దానికి ఎన్నో రెట్లు. అందులో 164 చోట్లంటే ఎంత అరుదో ఊహించుకోవచ్చు. నాకు ఆయనలో నచ్చింది నడిచిన మైళ్లు కాదు, రాసుకున్న పద్ధతి. ఏ వంకలో ఎంతవరకు వెళ్లిందీ, ఎక్కడ ఆగి వెనక్కి తిరిగిందీ, ఎన్ని గంటలకు బయల్దేరి ఎన్నింటికి చేరిందీ నోటు పుస్తకాల్లో వివరంగా పెట్టారు. తరువాత వెళ్లేవాడికి గెలిచిన దారితోపాటు మూసుకుపోయిన దారి కూడా తెలియాలి. మీ వ్యాసంలో ఆ కుర్రవాళ్లు ఒక్కచోటైనా వెనక్కి తిరిగినట్టు లేదు. తిరిగే ఉంటారని నా అనుమానం. అది రాస్తే వ్యాసానికి అందం తగ్గుతుందని తీసేశారేమో!

పత్రికలకు ఈ లోయతో పాత సంబంధం కూడా ఒకటుంది. 1880లలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి శిఖరాలకు విష్ణు, శివ పేర్లు పెట్టారు. ఆ వరసలో బ్రహ్మ పేరున్న శిఖరమూ జొరాస్టర్ పక్కనే ఉంది. 1937లో న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తరఫున హెరాల్డ్ ఆంథొనీ నాయకత్వంలో ఒక బృందం శివా టెంపుల్ మీదికి బయల్దేరింది. చుట్టూ లోయలు కోసేయడం వల్ల ఆ చదునైన శిఖరం మీద అడవి వేల ఏళ్లుగా లోకంతో తెగిపోయి ఉంటుందని, అక్కడి జంతువులు వేరుగా మారి ఉంటాయేమో చూడాలని వాళ్ల ఉద్దేశం. పత్రికలు దీన్ని పట్టుకుని, మానవుడు కాలుపెట్టని లోకమనీ, రాక్షసబల్లులు కూడా ఉండవచ్చనీ రాసేశాయి. తీరా వాళ్లు ఉత్తరపు అంచు నుంచి కనుమ మీదుగా ఎక్కి చూస్తే, అంచు మీద ఉండే జంతువులే అక్కడా ఉన్నాయి, జింకలు రాల్చిన కొమ్ములున్నాయి, ఎన్నడో ఆదివాసులు వచ్చి వెళ్లిన గుర్తులున్నాయి. దక్షిణపు అంచున ఫొటో స్టూడియో నడిపే ఎమరీ కోల్బ్ వాళ్లకంటే ముందే ఎక్కి దిగాడు. ఆయన వదిలివచ్చిన ఫిల్ము డబ్బా కూడా అక్కడే ఉంది. జింకకూ ఆదివాసికీ స్టూడియో యజమానికీ తెలిసిన దారిని అసాధ్యమని రాసిన పత్రికలు అప్పుడు ఒక రకంగా తప్పుదారి పట్టిస్తే, కొంత దూరం నడిచి ఎడమకు తిరగమని రాయడం ఇంకో రకంగా తప్పుదారి పట్టించడమే.

ఆదివాసుల ప్రస్తావన ఊరికే తేలేదు. బ్రైట్ ఏంజెల్ బాట హవాసుపాయ్ తెగవారు ముందునుంచి నడిచిన దారి. దాని మధ్యలోని మజిలీకి 2022లో హవాసుపాయ్ గార్డెన్స్ అని పేరు మార్చారు కూడా. రెడ్‌వాల్ గుహల్లో చీల్చిన పుల్లలతో చేసిన చిన్న జంతువుల బొమ్మలు దొరికాయి, అవి నాలుగు వేల ఏళ్ల నాటివి. గండ్లు తెలియనివాళ్లు ఆ గుహలకు చేరలేరు. మన దగ్గర శ్రీశైలం కాలినడక దారి కూడా ఇటువంటిదే. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం అని ఉగాదికి, శివరాత్రికి నడిచేవాళ్లు చెప్పుకునే మజిలీలు నీళ్లు ఎక్కడున్నాయో, లోయను ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కవచ్చో తెలిసినవాళ్లు ఏర్పరిచినవే. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన కీర్తి కొండవీటి ప్రోలయ వేమారెడ్డిది కావచ్చు, ఆ అడవిలో చెలమ ఎక్కడుందో ఎరిగినవాళ్లు చెంచులు. అందుకని గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లేవాడు బయల్దేరే ముందు పార్కువారి బ్యాక్‌కంట్రీ ఆఫీసులో మాట్లాడటం అక్కడి చెంచును అడగడం వంటిదే. కిందికి దిగి రాత్రి బస చేయాలంటే వారి పర్మిట్ ఎలాగూ కావాలి. ఆ మాట కూడా మీ వ్యాసంలో లేదు.

నీళ్ల విషయంలో ఇంకొంచెం గట్టిగా చెప్పవలసి ఉంది. ఫొటో కింద 'ఒక్కొక్కరు రెండేసి సీసాల నీళ్లతో' అని వేశారు. సౌత్ కైబాబ్ బాటలో నది చేరేదాకా చుక్క నీరు లేదు. ఫాంటమ్ రాంచ్‌లో పంపు ఉంది గాని, అక్కడికి నీళ్లు తెచ్చే పైపులైను పాతబడి తరచూ పగులుతుంటుంది. అక్కడ దాటితే, క్లియర్ క్రీక్ బాటలో అసలు వాగు చేరేవరకు, అంటే సుమారు 9 మైళ్ల దూరం, నమ్ముకోదగిన నీరు లేదు. శిఖరానికి వెళ్లేవాడు ఆ వాగుదాకా పోనే పోడు. సమ్నర్ వాష్‌లో రాతి గుంటల్లో వాన తరువాత నీళ్లు నిలవవచ్చు, నిలవకపోవచ్చు. రోజుకు మనిషికి నాలుగు లీటర్లన్నది ఎడారి నడకకు కనీసపు లెక్క. రెండు రోజులకు ఎనిమిది లీటర్లు, ఎనిమిది కిలోలు. దానికి తాళ్లు, సామాను అదనం. కాబట్టి ఆ బరువు మోస్తూ ఎంత నెమ్మదిగా నడుస్తామో చూసుకుని ప్రయాణం లెక్క వేయాలి, లేదా తిరుగు ప్రయాణానికి కొంత నీటిని దారిలో దాచి, ఖాళీ డబ్బాలు మరవకుండా వెంట తెచ్చుకోవాలి.

"బెజవాడ ఎండలో పెరిగినవాళ్లం, మాకు ఎండ కొత్తా" అని మనవాళ్లు అంటారు. మా మేనల్లుడూ అన్నాడు. థర్మామీటరు అంకె చూస్తే నిజమే. వేసవిలో నది ఒడ్డున నీడలోనే 43 డిగ్రీలు దాటుతుంది, ఒక్కోసారి 49కి పోతుంది, మనం చూడని వేడి కాదు. అయితే ఇక్కడ చెమట చొక్కాకు అంటుకుని, ఎంత పోయిందో తెలిసేటట్టు ఉంటుంది. అక్కడి పొడిగాలిలో చెమట పట్టిన మరుక్షణం ఆరిపోతుంది. ఒళ్లు పొడిగానే ఉంటుంది, లోపల నీరు పోతూనే ఉంటుంది. దానితోపాటు ఉప్పూ పోతుంది. ఉప్పు తినకుండా వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి మనిషి తికమకపడతాడు, ఆ తికమకలో దారి తప్పుతాడు. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోపలి లోయలో నడవవద్దన్నది పార్కువారి సలహా. మార్చి నెల ఎంచుకున్న మావాళ్లు ఆ విషయంలో మంచిపనే చేశారు, కాకపోతే ఆ నెలలో అంచు దగ్గర బాట మీద మంచు గడ్డకట్టి ఉండవచ్చునని, కింద టీషర్టుతో నడిచే రోజునే పైన జారి పడవచ్చునని వాళ్లకు చెప్పవలసి వచ్చింది.

వాన గురించి కూడా మనకున్న అనుభవం అక్కడ పనికిరాదు. కృష్ణకు వరద వస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర ముందే హెచ్చరిక వేస్తారు, నీళ్లు మెట్టుమెట్టుగా పెరగడం ఒడ్డున నిలబడి చూస్తాం. అరిజోనాలో జూన్ నడుమ నుంచి సెప్టెంబరు చివరి దాకా వానాకాలం. నెత్తిన ఎండ కాస్తుండగానే, మైళ్ల దూరంలో ఎక్కడో కురిసిన వాన ఇరుకు వంకలోకి గోడలాగా వచ్చి పడుతుంది. 1997 ఆగస్టు 12న పేజ్ పట్టణం దగ్గర యాంటిలోప్ కాన్యన్‌లో అలా వచ్చిన వరదలో 11 మంది పోయారు. 2015 సెప్టెంబరులో యూటాలోని జయన్ పార్కులో కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు పోయారు. ఆగస్టులో చదువులకు దిగి, తరగతులు మొదలయ్యేలోగా చుట్టూ చూసి వద్దామనుకునే పిల్లలు సరిగ్గా ఆ రుతువులోనే వెళ్తారు. ఎండు వంకలే దారులైన దేశంలో, ఏ వంకలో ఎంతసేపు ఉండాలో, పక్కన ఎక్కి తప్పుకునే చోటు ఉందో లేదో తెలుసుకోవడం దారి తెలుసుకోవడంలో భాగం. తడిసిన ఇసుకరాయి బలం తగ్గి, పట్టుకున్న పలక ఊడివస్తుంది కాబట్టి వాన వెలిసిన వెంటనే గోడ ఎక్కడమూ తగదు.

పాత వర్ణనలను గుడ్డిగా నమ్మడం కూడా పనికిరాదు. 2025 జులైలో ఉత్తరపు అంచున రగిలిన కార్చిచ్చు అక్కడి చారిత్రక లాడ్జిని బుగ్గి చేసింది, ఆ వైపు నుంచి దిగే యాత్రలన్నీ ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది రాసిన దారిని చూసుకుని బయల్దేరినవాడికి మూసిన గేటు ఎదురయ్యేది. ఇక ఎక్కడికి వెళ్తున్నదీ, ఏ రోజు ఏ వేళకు తిరిగి రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలన్నదీ ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వడం ఎంత ముఖ్యమో 2003లో యూటాలోని బ్లూజాన్ కాన్యన్‌లో బండ కింద చెయ్యి ఇరుక్కున్న ఆరన్ రాల్స్టన్ ఉదంతం లోకానికంతా చెప్పింది. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పకుండా వెళ్లిన ఆయన అయిదు రోజులు చూసి, తన చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు.

మీ వైపు నుంచి ఒక సమాధానం రావచ్చు. మారుమూల శిఖరానికి దారి మొత్తం పేపర్లో వేస్తే అర్హత లేనివాళ్లు కూడా ఎగబడతారని, ఎడారి నేల పైపొరను తొక్కి పాడుచేస్తారని. ఆ పొర సూక్ష్మజీవులతో అల్లుకున్న సజీవమైన పొరే, ఒక అడుగు పడితే కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. నేను అడుగుతున్నది ప్రతి మలుపుకూ అక్షాంశ రేఖాంశాలు కాదు. వెళ్లాలా వద్దా అని చదివేవాడు తేల్చుకోవడానికి కావలసినవి మాత్రమే: బాట ఎక్కడ అంతమవుతుంది, నీళ్లు చివరిసారి ఎక్కడ దొరుకుతాయి, తాడు ఎక్కడి నుంచి కావాలి, ఎన్నింటికి ఎక్కడ లేకపోతే వెనక్కి తిరగాలి. ఈ నాలుగూ రాస్తే అర్హత లేనివాడు చదివి ఇంట్లోనే ఉంటాడు. 'ఎడమకు తిరిగితే వచ్చేస్తుంది' అని రాస్తేనే వాడు బయల్దేరుతాడు.

మార్చి సెలవులకు అక్కడి విద్యార్థులు ఇప్పటికే పర్మిట్ల కోసం చూస్తూ ఉంటారు. దయచేసి ఫిబ్రవరి దాటకముందే, అదే అనుబంధంలో, అదే కుర్రవాళ్ల చేత, గోడ ఊసు ఎత్తకుండా, సౌత్ కైబాబ్ మొదలు నుంచి ఈశాన్యపు మూల దాకా వెళ్లి వచ్చిన దారిని, వెనక్కి తిరిగిన చోట్లతో సహా రాయించి వేయండి. అది వీలుపడకపోతే కనీసం ఫొటో కింద వేసిన 'రెండేసి సీసాల నీళ్లు' అన్న మాటకు ఒక సవరణ వేయించగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత సర్వే ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ.